14000, 15000: అమెరికా పాట మధ్యలో గీసిన గీత

అందరికీ నమస్కారం.

అమెరికా పాట గురించి మాట్లాడమంటే చాలామంది సాహిత్యం దగ్గర మొదలుపెడతారు. ఏ పాటలో యుద్ధాన్ని తిట్టారు, ఏ పాటలో హక్కులడిగారు అని చరణాలు విప్పుతారు. ఈరోజు నేను చరణాల జోలికి దాదాపు వెళ్లను. పాటను ఎవరికి అమ్మారు, రేడియో దాన్ని ఎందుకు వేసింది, ఎందుకు వేయలేదు, పాడినవాళ్ల చేతికి ఎన్ని సెంట్లు వచ్చాయి, ఈ లెక్కలు చెబుతాను. అక్కడి రాజకీయం పాటలోకి వచ్చింది ఎక్కువగా ఈ దొడ్డిదారినే అని నా అభిప్రాయం.

రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి: 14000, 15000. 1920ల్లో కొలంబియా రికార్డు కంపెనీ తన కేటలాగులో 14000 వరస నంబర్లను నల్లజాతి కొనుగోలుదార్ల కోసం చేసిన రికార్డులకు ఇచ్చింది. 15000 వరస దక్షిణాది తెల్లవాళ్ల పల్లెపాటలకు. వ్యాపార భాషలో మొదటివి 'రేస్ రికార్డులు', రెండోవి 'హిల్‌బిల్లీ'. హిల్‌బిల్లీ అంటే కొండప్రాంతపు మొద్దు అని వెక్కిరింపు. ఇద్దరినీ చిన్నచూపు చూసిన పేర్లే, కాకపోతే వేరువేరు పేజీల్లో.

ఈ గీత కంపెనీ గుమాస్తాకి ఊరికే తోచింది కాదు. న్యూ ఆర్లియన్స్‌లో హోమర్ ప్లెసీ అనే ఆయన తెల్లవాళ్ల రైలు పెట్టెలో కూర్చున్న కేసులో, వేరు పెట్టెలు పెట్టడం రాజ్యాంగబద్ధమేనని 1896లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత దక్షిణాదిలో బడి వేరు, బస్సులో సీటు వేరు, తాగే నీళ్ల కుళాయి వేరు. దుకాణాలూ పేటలూ విడిపోయాక కేటలాగు కూడా విడిపోయింది.

విడిపోనిది సంగీతం ఒక్కటే. బ్యాంజో వాద్యాన్నే చూడండి. ఈరోజు అది తెల్లవాళ్ల కంట్రీ సంగీతానికి గుర్తులా కనిపిస్తుంది. దాని మూలం ఆఫ్రికా. బానిసలుగా తెచ్చినవాళ్లు సొరకాయ బుర్రకు తోలు బిగించి చేసుకున్న వాద్యం అది. 19వ శతాబ్దంలో తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరిస్తూ ఆడిన మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల ద్వారా దేశమంతా తిరిగింది. ఈ బ్యాంజో దగ్గరికి చివర్లో మళ్లీ వస్తాను.

*

బ్లూస్ నిర్మాణం ఒక్క నిమిషంలో, మన చెవికి పట్టేలా చెబుతాను. నాలుగు దెబ్బలకు ఒక బార్. అలాంటి పన్నెండు బార్లు ఒక ఆవృత్తం. ఆధారంగా నిలిచే స్వరాలు మూడే: స, మ, ప. మొదటి నాలుగు బార్లు 'స' మీద, తర్వాత రెండు 'మ' మీద, మళ్లీ రెండు 'స' మీద, ఆపైన ఒకటి 'ప', ఒకటి 'మ', చివరి రెండు 'స'. సాహిత్యం మూడు పాదాలు. మొదటి పాదాన్నే రెండోసారి పాడి, మూడో పాదంతో ముడి విప్పుతారు. పాదానికి నాలుగు బార్లున్నా గొంతు తీసుకునేది సుమారు సగమే. మిగతా సగంలో గిటారు జవాబు చెబుతుంది.

దానికి ఆ రంగు తెచ్చేది ముఖ్యంగా గాంధారం. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో నిలబడి ఊగుతుంది. పియానోలో ఆ స్వరానికి మెట్టు లేదు. అందుకే బ్లూస్ పియానో వాయించేవాళ్లు పక్కపక్క మెట్లు రెండూ కలిపి నొక్కి సరిపెడతారు. గమకం విన్న చెవికి ఇందులో కొత్తేమీ లేదు. కొత్త పియానోకే.

1920 ఆగస్టు 10న న్యూయార్కులో ఓకే కంపెనీ కోసం మామీ స్మిత్ 'క్రేజీ బ్లూస్' పాడింది. పాట రాసిన పెర్రీ బ్రాడ్‌ఫర్డ్ అంతకుముందు కంపెనీల చుట్టూ తిరిగి తిరిగి ఒప్పించాడు. నల్లవాళ్లు రికార్డులు కొంటారని అప్పటిదాకా కంపెనీలు నమ్మలేదు. ఈ రికార్డు అమ్ముడుపోయిన తీరు చూశాక నమ్మకం వచ్చింది, దాంతోపాటే గీత కూడా వచ్చింది. ఓకేలో పనిచేసిన రాల్ఫ్ పియర్ తర్వాత విక్టర్ కంపెనీ తరఫున 1927 వేసవిలో టెన్నెస్సీ సరిహద్దు ఊరు బ్రిస్టల్‌లో స్టూడియో పెట్టాడు. అక్కడ దొరికినవాళ్లే కార్టర్ కుటుంబం, జిమ్మీ రాడ్జర్స్. కంట్రీ సంగీతం ఇక్కడే పుట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇప్పుడు గీత ఎంత కృత్రిమమో చూడండి. కార్టర్ కుటుంబ పెద్ద ఏ.పీ. కార్టర్ పల్లెలు తిరిగి పాటలు సేకరించేటప్పుడు వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు ఉండేవాడు. కార్టర్ సాహిత్యం రాసుకునేవాడు, రిడిల్ వరసను గుర్తుపెట్టుకునేవాడు. రాడ్జర్స్ పాడిన 'బ్లూ యోడెల్' పాటల శ్రేణి దాదాపు అంతా పన్నెండు బార్ల బ్లూసే. యోడెల్ అంటే గొంతును ఒక్కసారిగా పైకి విరిచి పాడటం. 1930 జులైలో లాస్ ఏంజెలెస్‌లో రికార్డు చేసిన తొమ్మిదో యోడెల్‌లో వెనకాల ట్రంపెట్ వాయించింది సాక్షాత్తూ నల్లజాతి జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, పియానో ఆయన భార్య లిల్ హార్డిన్. రికార్డు మీద ఇద్దరి పేరూ వేయలేదు. స్టూడియో గదిలో లేని గీత లేబుల్ మీదికి వచ్చేసరికి ఉంది.

యంత్రం సంగతి ఒక మాట. 1925కి ముందు రికార్డింగుకు మైకు లేదు. పెద్ద కొమ్ము ముందు నిలబడి అరిచినట్టు పాడాలి. డ్రమ్ము గట్టిగా కొడితే మైనం మీద గీసే సూది ఎగిరిపోయేది, కాబట్టి చెక్క ముక్కలు కొట్టేవారు. మైకు వచ్చాక గుసగుసగా పాడినా సరిపోయింది. బింగ్ క్రాస్బీ లాంటి మెత్తని గొంతులకు దారి తెరిచింది ఆ మైకే. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక పక్కన పట్టేది సుమారు మూడు నిమిషాలు. మన పాత తెలుగు నాటక పద్యాలు కూడా అదే మూడు నిమిషాల ముక్కలుగా తెగాయి. ఆ కొలత ఇప్పటికీ పాటను వదల్లేదు.

*

1940ల మొదటి సగం దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంటాను. రాక్ అండ్ రోల్ కథ 1950ల్లో మొదలుపెట్టేవాళ్లు దీన్ని దాటేస్తారు. విత్తనాలన్నీ ఇక్కడే పడ్డాయి.

ఆర్థిక మాంద్యంలో రికార్డు వ్యాపారం కూలిపోయింది. 1927లో పది కోట్లు దాటిన అమ్మకాలు 1932కి అరవై లక్షలకు పడ్డాయి. జనం ఉచితంగా వచ్చే రేడియోకి మళ్లారు. రేడియోలో పాట వేస్తే రచయితలకు డబ్బు వసూలుచేసే ప్రధాన సంఘం 1914లో పుట్టిన ఆస్కాప్. అందులో బ్రాడ్వే (న్యూయార్కు నాటకరంగం), హాలీవుడ్ రచయితలదే రాజ్యం. బ్లూస్ రాసేవాడికీ, కొండపాటలు కట్టేవాడికీ సభ్యత్వం దొరకడం గగనం. ఆస్కాప్ రుసుము బాగా పెంచబోతే రేడియో యజమానులు 1939లోనే బీఎంఐ అనే పోటీ సంఘం పెట్టుకున్నారు. 1941 జనవరి 1 నుంచి పెద్ద నెట్‌వర్కులు ఆస్కాప్ పాటలను పూర్తిగా ఆపేశాయి. అక్టోబరు చివరిదాకా అంతే. పొద్దస్తమానం హక్కులు తీరిపోయిన స్టీఫెన్ ఫాస్టర్ 19వ శతాబ్దపు పాటలు వేసి జనాన్ని విసిగించారు. కానీ బీఎంఐకి పాటలు కావాలిగా? ఆస్కాప్ గుమ్మం దాటనివ్వని నల్లవాళ్లనీ, కంట్రీ వాళ్లనీ, లాటిన్ వాళ్లనీ చేర్చుకుంది. పదిహేనేళ్ల తర్వాత రాక్ అండ్ రోల్ రాసినవాళ్లలో ఎక్కువమంది బీఎంఐ సభ్యులే. పెద్దలు రుసుము దగ్గర కొట్లాడుకుంటే చిన్నవాళ్లకు తలుపు తెరుచుకుంది.

1942 ఏప్రిల్లో రెండో దెబ్బ. రికార్డులకు వాడే షెల్లాక్‌లో 70 శాతం కోతపెట్టింది యుద్ధ ఉత్పత్తి మండలి. షెల్లాక్ అంటే లక్క. ఎక్కడిది? మనదే. ఛోటానాగ్‌పూర్ వైపు మోదుగ లాంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగు కట్టే గూడు. దాన్ని గీకి, కరిగించి, రేకులు చేసి ఓడలెక్కించేవారు. లక్కలో రాతిపొడి, మసి కలిపి వత్తితే రికార్డు. కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో మన తెలుగు రికార్డులు వత్తిన సరుకూ ఇదే. యుద్ధంతో ఓడల దారి ప్రమాదమైంది, ఉన్న లక్క సైన్యానికి కావలసి వచ్చింది. కొత్త రికార్డు కావాలంటే పాతవి తెచ్చి ఇమ్మన్నారు. పాతవాటిని పొడిచేసి మళ్లీ వత్తేవారు. చెత్త కలవడం వల్ల ఆ కాలపు రికార్డులు గరగరలాడతాయి. సరుకు తగ్గితే కంపెనీ ముందు ఎవరిని ఆపుతుంది? కచ్చితంగా అమ్ముడుపోయే పెద్ద బ్యాండ్లను ఉంచుకుని 'రేస్' రికార్డులను తగ్గించేసింది. ఆ ఖాళీలోకి యుద్ధం చివర్లో, యుద్ధం అయ్యాక చిన్న చిన్న కంపెనీలు దూరాయి.

అదే ఏడాది ఆగస్టు 1న మూడోది. వాద్యకారుల యూనియన్ నాయకుడు జేమ్స్ పెట్రిల్లో రికార్డింగులు బందు పెట్టించాడు. ఆయన వాదన సూటిగా ఉంటుంది: మనం వాయించిన రికార్డునే జూక్‌బాక్సు (నాణెం వేస్తే పాట వేసే పెట్టె)లోనూ రేడియోలోనూ తిప్పి మన పొట్ట కొడుతున్నారు, ప్రతి రికార్డు మీదా యూనియన్ నిధికి ఇంత కట్టండి. డెకా కంపెనీ 1943 సెప్టెంబరులో దిగొచ్చింది, విక్టర్, కొలంబియా 1944 నవంబరు దాకా మొండికేశాయి. ఈ సమ్మెలో ఒక కన్నం ఉంది. గాయకులు వాద్యకారుల యూనియన్‌లో లేరు. కంపెనీలు గాయకుల వెనక వాద్యాలకు బదులు కోరస్ గొంతులు పెట్టి రికార్డు చేశాయి. ఫ్రాంక్ సినాట్రా 1943లో అలా పాడాడు. సమ్మె ముగిసేసరికి రికార్డు మీద బ్యాండు నాయకుడి పేరు చిన్నదై, గాయకుడి పేరు పెద్దదైంది. వాద్యకారుల కోసం చేసిన సమ్మె వాద్యకారులనే వెనక్కి నెట్టింది. ఇంకో నష్టం: చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ కలిసి ఎర్ల్ హైన్స్ బ్యాండులో వాయించిన 1943 నాటి సంగీతం స్టూడియో రికార్డుకి ఎక్కలేదు. బీబాప్ అనే కొత్త జాజ్ శైలి పురిటి ఏడుపు మనకు దాదాపు వినపడదు.

దీనిమీద 1944లో కాబరే పన్ను. భోజనం, మద్యం అమ్మేచోట పాటగానీ డాన్సుగానీ ఉంటే బిల్లు మీద ముందు 30 శాతం, తర్వాత 20 శాతం. వాద్యం మాత్రమే ఉండి జనం కూర్చుని వింటే పన్ను లేదు. యజమానులు డాన్సు చేసే చోట కుర్చీలు వేసేశారు. జాజ్ నృత్యం నుంచి విడిపోయి కూర్చుని వినే కచేరీ అయింది ఈ పన్ను వల్లేనని కొందరంటారు. అదొక్కటే కారణమని నేననను. పెద్ద బ్యాండును ఊళ్లు తిప్పడానికి యుద్ధకాలపు పెట్రోలు, టైర్ల రేషనూ ఒప్పుకోలేదు. కానీ 20 శాతం పన్ను చిన్న సంగతి కాదని హోటలు నడిపిన ఎవరినడిగినా చెబుతారు. (నవ్వులు)

ఈ గొడవలన్నీ నడుస్తుండగానే జనం కదులుతున్నారు. మొదటి ప్రపంచయుద్ధ కాలం నుంచి 1970 దాకా దాదాపు అరవై లక్షల మంది నల్లజాతి వాళ్లు దక్షిణాది వదిలి ఉత్తరాది, పడమటి నగరాలకు వెళ్లారు. మిసిసిపీ పత్తి పొలంలో ట్రాక్టరు నడిపే మడ్డీ వాటర్స్‌ను 1941లో జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం రికార్డు చేశాడు. 1943లో ఆయన రైలెక్కి చికాగో చేరాడు. పల్లెలో అరుగు మీద వాయించిన మామూలు గిటారు, ఫ్యాక్టరీ పని ముగించుకుని వచ్చిన వందమంది కేకలేసే బారులో వినపడలేదు. అందుకని కరెంటు గిటారు పట్టాడు. తీగ సాగదీసినప్పుడు చిన్న యాంప్లిఫయర్ మోయలేక బొంగురుపోయేది. ఆ బొంగురునే తర్వాత ప్రపంచమంతా రాక్ గిటారు అంది.

*

గీత పేరు మాత్రం మారుతూ వచ్చింది. బిల్‌బోర్డ్ పత్రిక నల్లజాతి పాటల జాబితాను 1942లో 'హార్లెమ్ హిట్ పరేడ్' అంది, 1945లో 'రేస్' అంది. 1949 జూన్‌లో, అప్పుడు అక్కడ పనిచేస్తున్న జెర్రీ వెక్స్‌లర్ సూచనతో 'రిథమ్ అండ్ బ్లూస్' చేసింది.

1954 మే 17న బ్రౌన్ కేసులో, బడుల్లో వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. జులై 5న మెంఫిస్‌లో, శామ్ ఫిలిప్స్ సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ మొదటి రికార్డు పని మొదలైంది. ఈ రెంటికీ సంబంధం అంటగట్టే ఉపన్యాసాలు చాలా ఉన్నాయి, నేను అంటగట్టను. ఆ రికార్డును చేతిలోకి తీసుకుని రెండు పక్కలూ చూడండి చాలు. ఒక పక్క ఆర్థర్ క్రూడప్ బ్లూస్ పాట 'దట్స్ ఆల్ రైట్'. ఇంకో పక్క బిల్ మన్రో బ్లూగ్రాస్ (కంట్రీలో ఒక శైలి) పాట 'బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ'. ఒకటి 14000, ఇంకొకటి 15000. ఒకే పళ్లెం.

డబ్బు మాటకొస్తే, ఆ పళ్లెం మీద క్రూడప్‌కి న్యాయంగా రావలసింది ఆయన 1974లో చనిపోయేదాకా సరిగా రాలేదు. దీని వెనక చట్టం అర్థం కావాలి. 1909 కాపీరైటు చట్టం ప్రకారం ఒకసారి రికార్డయిన పాటను ఎవరైనా మళ్లీ రికార్డు చేయొచ్చు, కాపీకి 2 సెంట్లు కట్టాలి. ఆ రేటు 1978 దాకా మారలేదు. ఆ 2 సెంట్లు పాట రాసినవాళ్లకీ పబ్లిషరుకీ. పాడినవాళ్లకు అందులో వాటా లేదు. రికార్డు మీది ధ్వనికి ఫెడరల్ రక్షణ వచ్చింది 1972 ఫిబ్రవరి 15 నుంచే. అంటే 1955లో ఒక నల్లజాతి గాయని పాటను తెల్ల గాయని అచ్చు అదే వాద్య అమరికతో, అవే విరుపులతో పాడి అమ్ముకుంటే అడిగే నాథుడు లేడు. లావెర్న్ బేకర్ 'ట్వీడిల్ డీ'ని జార్జియా గిబ్స్ అలాగే పాడితే, బేకర్ డెట్రాయిట్ కాంగ్రెస్ సభ్యుడు చార్లెస్ డిగ్స్‌కు చట్టం మార్చమని ఉత్తరం రాసింది. ఏమీ జరగలేదు. ఈ సంగతి పక్కన పెట్టుకోండి, 1991లో పనికొస్తుంది.

1956 ఏప్రిల్ 10న అలబామా బర్మింగ్‌హామ్‌లో తెల్ల ప్రేక్షకులకు పాడుతున్న నల్లజాతి గాయకుడు నాట్ కింగ్ కోల్‌ను వేదికెక్కి కొట్టారు. ఆయన పాడింది మెత్తని ప్రేమపాటలు, సాహిత్యంలో రాజకీయం చుక్కైనా లేదు.

*

ఉద్యమ పాట గురించి ఒక్కటే చెబుతాను, అందరికీ తెలిసిందే: 'వుయ్ షల్ ఓవర్‌కమ్'. గిరిజా కుమార్ మాథుర్ చేసిన హిందీ రూపం 'హమ్ హోంగే కామ్‌యాబ్' మనం బడిలో పాడాం. మూలం చర్చి పాట. 1945-46లో దక్షిణ కెరొలైనా చార్ల్‌స్టన్‌లో పొగాకు ఫ్యాక్టరీ ఆడవాళ్లు సమ్మె చేస్తూ పికెట్ (ఫ్యాక్టరీ ముందు నిరసన) దగ్గర దాన్ని నెమ్మది చేసి పాడారు. అక్కడినుంచి టెన్నెస్సీలో ఉద్యమకారులకు శిక్షణ ఇచ్చే హైలాండర్ బడికి చేరింది. జిల్ఫియా హోర్టన్, పీట్ సీగర్, గై కారవాన్ చేతులు మారింది. 1960 ఏప్రిల్లో ఉత్తర కెరొలైనాలోని రాలీ నగరంలో విద్యార్థి నాయకుల సభలో కారవాన్ నేర్పాడు. అక్కడినుంచి అది ఎవరూ నేర్పక్కర్లేని పాట అయింది.

అది ఎందుకు పనికొచ్చిందో చూడండి. పుస్తకం అక్కర్లేదు. చరణానికి ఒక్క మాట మారుస్తే కొత్త చరణం. ఒకరు ఆ మాట అందిస్తే చాలు, వెయ్యిమంది పాడతారు. చేతులు అడ్డంగా పెనవేసుకుని ఊగడానికి సరిపోయే నడక. 1959లో హైలాండర్ మీద పోలీసులు దాడిచేసి చీకట్లో వెతుకుతుంటే, అక్కడున్న పిల్లలు 'మేం భయపడం' అనే చరణం కలిపారు. వేగంగా పాడాల్సిన పాటయితే జైలుగదిలో గొంతు పట్టేస్తుంది. ఇది గంటలు నడుస్తుంది. 1965 మార్చి 15న ఓటుహక్కు బిల్లు మీద కాంగ్రెస్‌లో మాట్లాడుతూ అధ్యక్షుడు జాన్సన్ ఆ పల్లవి మాటలే పలికాడు.

అదే కాలంలో డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ. బెర్రీ గార్డీ 1959లో కుటుంబ నిధి నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని మొదలుపెట్టాడు. అంతకుముందు కార్ల ఫ్యాక్టరీ అసెంబ్లీ లైనులో పనిచేసినవాడు, పాటకూ అదే పద్ధతి పెట్టాడు. ఒకరు రాస్తారు, వేరొకరు వాయిస్తారు, శుక్రవారం నాణ్యత పరిశీలన సమావేశంలో ఓటింగు, నెగ్గినదే బయటికి. గీత దాటడానికి ఆయన పడిన తంటా అట్టలమీద కనిపిస్తుంది. మార్వెలెట్స్ అమ్మాయిల ఆల్బం అట్ట మీద వాళ్లు లేరు, ఉత్తరాల డబ్బా ఉంది. ఐస్లీ బ్రదర్స్ అట్ట మీద సముద్రపు ఒడ్డున తెల్లజంట. పాట అమ్ముడుపోవాలి, ముఖం కనపడకూడదు.

అయినా పనిచేసింది. 1963 నవంబరు చివర బిల్‌బోర్డ్ రిథమ్ అండ్ బ్లూస్ జాబితాను పూర్తిగా ఆపేసింది. పాప్ జాబితాకూ దానికీ తేడా అంతగా తగ్గింది. పద్నాలుగు నెలలపాటు కాగితం మీద గీత లేదు! 1965 జనవరిలో మళ్లీ గీశారు. ఆ మధ్యలో బీటిల్స్ వచ్చారు. నల్లజాతి సంగీతం విని నేర్చుకున్నామని దాచకుండా చెప్పిన కుర్రాళ్లే, పాప్ జాబితాలో నల్లజాతి పాటల చోటు కుదించారు. వాళ్లను నిందించడానికేం లేదు. ఫ్లోరిడా జాక్సన్‌విల్‌లో ప్రేక్షకులను రంగు చూసి విడగొడితే వాయించమని 1964లో తెగేసి చెప్పినవాళ్లు కూడా వాళ్లే.

మెంఫిస్‌లో స్టాక్స్ కంపెనీది వేరే గుణపాఠం. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి వాయించిన స్టూడియో అది. 1965లో అట్లాంటిక్ అనే రికార్డు కంపెనీతో పంపిణీ ఒప్పందం మీద సంతకం చేశారు. 1968లో అట్లాంటిక్ చేతులు మారినప్పుడు ఒప్పందం తీసి చదివితే, అప్పటిదాకా వాళ్లు పంపిణీ చేసిన మాస్టర్ టేపులన్నీ (అంటే అసలు రికార్డింగులన్నీ) అట్లాంటిక్ సొత్తని ఉంది. అదే ఏడాది ఏప్రిల్ 4న ఊళ్లోనే, స్టాక్స్ కళాకారులు బస చేసే లొరెయిన్ మోటెల్‌లోనే, మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చారు. అంతకు నాలుగు నెలల ముందే ఓటిస్ రెడింగ్ విమాన ప్రమాదంలో పోయాడు.

వియత్నాం పాటల గురించి అడుగుతారని తెలుసు. నేను ముందు ఒక రేడియో నిబంధన చెబుతాను. ఒకే యజమానికి ఏఎం, ఎఫ్ఎం రెండూ ఉంటే ఏఎంలో వేసిందే ఎఫ్ఎంలోనూ వేసి కాలక్షేపం చేసేవాడు. 1960ల మధ్యలో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, లక్ష జనాభా దాటిన నగరాల్లో సగానికి మించి అలా చేయకూడదంది. గంటలకొద్దీ ఖాళీ వచ్చిపడింది, నింపడానికి డబ్బులేదు. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కో కేఎంపీఎక్స్‌లో టామ్ డొనహ్యూ లాంటివాళ్లు పొడవాటి ఎల్పీ పాటలు, రేడియోకి పనికిరావన్నవి వేయడం మొదలుపెట్టారు. 1970 మే 4న ఒహాయో కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో నేషనల్ గార్డు కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. నీల్ యంగ్ పాట రాశాడు, మే 21న రికార్డు చేశారు, జూన్‌లో బయటికొచ్చింది. అధ్యక్షుడి పేరు పెట్టి తిట్టిన పాట అని కొన్ని ఏఎం స్టేషన్లు వేయలేదు, ఎఫ్ఎం వేసింది. ఆ నిబంధన రాసిన అధికారులు దీన్ని కలలో కూడా ఊహించి ఉండరు.

*

ఇక బ్రాంక్స్, హిప్‌హాప్ పుట్టిన పేట. న్యూయార్కులో ఆ పేట మధ్యలోంచి ఎక్స్‌ప్రెస్‌వే వేసి వేలమందిని ఖాళీ చేయించారు. తర్వాత 1975లో నగరం దివాలా అంచుకొచ్చి బడుల ఖర్చు కోసింది. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు అపార్ట్‌మెంట్ల కింద హాల్లో సిండీ క్యాంబెల్ పార్టీ పెట్టింది, పాటలు వేసింది ఆమె అన్న కూల్ హెర్క్.

పద్ధతి ఇది. పాటలో అందరూ ఆగి డ్రమ్ము మాత్రమే మోగే కొన్ని సెకన్లను 'బ్రేక్' అంటారు. జనం ఎగిరేది అప్పుడే అని హెర్క్ గమనించాడు. ఒకే రికార్డు రెండు కాపీలు, రెండు టర్న్‌టేబుళ్లు. ఒకటి బ్రేక్ చివరికి వచ్చేలోగా రెండోదాన్ని బ్రేక్ మొదటికి తేవాలి. చెడిపోయేది ఎక్కడంటే: బెల్టుతో తిరిగే టర్న్‌టేబుల్ ఆగి మళ్లీ వేగం అందుకోవడానికి సమయం తీసుకుంటుంది, స్వరం సాగిపోతుంది. మోటారు మీదే పళ్లెం ఉండే టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఒక్క సెకను లోపే వేగం పట్టుకుంటుంది. రబ్బరు చాప మీద రికార్డు వేలితో వెనక్కి తిప్పితే పళ్లెమూ వెనక్కి వస్తుంది. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ ఉన్నిగుడ్డ వేశాడు. కింద పళ్లెం తిరుగుతూనే ఉంటుంది, పైన రికార్డు చేతిలో ఉంటుంది. బ్రేక్ మొదలయ్యే చోట రికార్డు మీద రంగుబలపంతో గుర్తు.

1987లో వచ్చిన ఎస్‌పీ-1200 శాంప్లర్ (ధ్వని ముక్కను దాచుకుని మళ్లీ వాయించే యంత్రం) ఈ పనిని పెట్టెలో పెట్టింది. దాని జ్ఞాపకశక్తి మొత్తం పది సెకన్లు. అది చాలక, 33 రికార్డును 45 వేగంతో తిప్పి లోపలికి ఎక్కించి, పెట్టెలో మళ్లీ నెమ్మది చేసేవారు. అందులో ధ్వని కాస్త కొరుక్కుపోతుంది. ఆనాటి హిప్‌హాప్ గరుకుదనం ఆ పిసినారితనం నుంచి వచ్చిందే. పాత సోల్ రికార్డులు, జేమ్స్ బ్రౌన్ డ్రమ్ములు, పదుల ముక్కలు ఒక్క పాటలో.

1991 డిసెంబరులో న్యూయార్కు ఫెడరల్ జడ్జి ర్యాప్ గాయకుడు బిజ్ మార్కీ కేసులో తీర్పిచ్చాడు. గిల్బర్ట్ ఒసల్లివన్ పాటలోంచి ముక్క తీసుకున్నందుకు. తీర్పు మొదటి వాక్యమే బైబిలు ఆజ్ఞ: దొంగిలించకూడదు. క్రిమినల్ కేసు పెట్టే విషయం కూడా చూడమన్నాడు. అక్కడినుంచి ప్రతి ముక్కకూ ఇద్దరి అనుమతి: పాట హక్కుదారుది, రికార్డు హక్కుదారుది. పదుల ముక్కలతో ఆల్బం చేయడం డబ్బున్నవాళ్లకే కుదిరే పనైంది. ఇందాక లావెర్న్ బేకర్ ఉత్తరం పక్కన పెట్టమన్నాను. చట్టపరంగా రెండూ ఒకటి కావు: ఒకటి అనుకరణ, ఇంకొకటి ధ్వనినే తీసుకోవడం. అయినా ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూడమంటాను.

అదే 1991 మే నెలలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఇంకో మార్పు. అప్పటిదాకా బిల్‌బోర్డ్ ఆల్బం జాబితా అంటే దుకాణాలకు ఫోన్ చేసి 'ఏం పోతున్నాయి?' అని అడగడం. గుమాస్తా తనకు నచ్చింది చెప్పేవాడు, కంపెనీ మనిషి మెప్పించినదీ చెప్పేవాడు. సౌండ్‌స్కాన్ వచ్చి బార్‌కోడ్ లెక్కించింది. జూన్‌లో ఎన్‌డబ్ల్యూఏ ర్యాప్ ఆల్బం మొదటి స్థానం. సెప్టెంబరులో గార్త్ బ్రూక్స్ కంట్రీ ఆల్బం నేరుగా మొదటి స్థానంలో దిగింది. ర్యాప్, కంట్రీ. లెక్క సరిగా వేసేసరికి పైకి తేలినవి గీతకు రెండు పక్కలా ఉన్నవే.

1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం దేశం మొత్తం మీద ఒక కంపెనీకి ఇన్ని రేడియో స్టేషన్లే అన్న పరిమితి తీసేసింది. క్లియర్ ఛానెల్ ఒక్కదాని కిందే దాదాపు 1,200 చేరాయి. 2003 మార్చిలో డిక్సీ చిక్స్ బృందం లండన్ వేదిక మీద ఇరాక్ యుద్ధానికి ముందు అధ్యక్షుడు బుష్ గురించి ఒక్క మాట అంటే, క్యుములస్ అనే రేడియో కంపెనీ తన కంట్రీ స్టేషన్లన్నింటిలో వాళ్ల పాటలు ఒక్క దెబ్బతో ఆపేసింది. వేల మంది వేరువేరు యజమానులుంటే ఆ పని అంత తేలిక కాదు.

చివరిగా బ్యాంజో. 2019 మార్చిలో జార్జియాకు చెందిన లిల్ నాస్ ఎక్స్ అనే నల్లజాతి కుర్రాడి పాట 'ఓల్డ్ టౌన్ రోడ్' బిల్‌బోర్డ్ కంట్రీ జాబితాలో 19వ స్థానంలో కనిపించింది. దాని వాద్యభాగాన్ని నెదర్లాండ్స్ కుర్రాడి దగ్గర ఆన్‌లైన్‌లో 30 డాలర్లకు కొన్నాడు. నైన్ ఇంచ్ నెయిల్స్ రికార్డులోంచి తీసిన బ్యాంజో ముక్క అది. సమకాలీన కంట్రీ లక్షణాలు సరిపడా లేవంటూ పత్రిక దాన్ని ఆ జాబితాలోంచి తీసేసింది. పాప్ జాబితాలో మాత్రం ఆ పాట 19 వారాలు మొదటి స్థానంలోంచి కదల్లేదు.

ప్రశ్నలుంటే అడగండి.